పల్లి బూజు విషాన్ని మట్టి బ్యాక్టీరియాకు అప్పజెప్పడం ఎలా

ఒక పల్లికాయ తీసుకుని వేళ్ల మధ్య చిట్లించి చూడండి. పొట్టు లోపలి వైపున, గింజ ముక్కు దగ్గర పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపించి, గోరుతో గీకితే రాలిందంటే అది చాలావరకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజే. ఆ బూజు గింజలోకి వదిలే విషమే అఫ్లాటాక్సిన్. బూజును గుడ్డతో తుడిచేసినా, ఎండలో పోసి దులిపేసినా విషం గింజలోనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. చేదు గింజ నోట్లో పడితే ఉమ్మేస్తాం కానీ, చేదు లేని గింజలో విషం లేదని చెప్పడానికి వీల్లేదు.

మాది నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెల్క. యాసంగిలో పల్లి వేస్తాం, ఇంట్లో రెండు బర్రెలున్నాయి. మూడేళ్ల కింద కోతకు నెల ముందు బోరు ఎండిపోయింది, తీరా కాయ పీకే రోజుల్లో మబ్బు పట్టి జల్లు పడింది, మేం తొందరపడి తడి కాయనే కుప్ప పోసి పరదా కప్పాం. కొనడానికి వచ్చినాయన పది కాయలు పగలగొట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా సంచి మూతి కట్టేసి వెళ్లిపోయాడు. బూజు పట్టినవన్నీ ఏరి, పారేయడానికి మనసొప్పక గానుగ పట్టించి, ఆ చెక్క బర్రెలకు పెట్టాం. పది రోజులు తిరక్కుండానే ఒక బర్రె మేత తగ్గించింది, పాలు సగానికి పడిపోయాయి. డాక్టర్ వచ్చి మొదట అడిగిన మాట "ఏం చెక్క పెడుతున్నారు?" అని. ఆ పాలే మా చెల్లె బిడ్డకు పోస్తున్నామని గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి దీని వెనకాల పడి నేర్చుకున్నది, పొలంలో చేసి చూసింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. మట్టిలో ఉండే బ్యాక్టీరియాకు ఈ బూజును అణచడం వచ్చు, విషాన్ని విరగ్గొట్టడం కూడా వచ్చు. కానీ అవి పని చేసేది మట్టిలో, పెంటకుప్పలో. మన గిన్నెలో కాదు, బర్రె తొట్టిలో కాదు. కాబట్టి కాయ మట్టిలో ఊరేటప్పుడు ఒకసారి, చెడిపోయిన గింజను వదిలించుకునేటప్పుడు ఇంకోసారి వాటికి పని చెప్పాలి. మధ్యలో పీకడం, ఆరబెట్టడం, ఏరడం మన చేతుల పని.

బ్యాక్టీరియా ఏం చేస్తుంది, ఏం చేయదు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క దాణాలో తేలింది. అఫ్లాటాక్సిన్ సంగతి లోకానికి తెలిసింది అట్లా. దీన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవి ఏదైనా ఉందా అని శాస్త్రవేత్తలు వెయ్యి దాకా సూక్ష్మజీవులను పరీక్షించి, 1966లో ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నారు. అప్పుడు దానికి ఫ్లేవోబ్యాక్టీరియం ఆరాంటియాకం అని పేరు పెట్టారు, తర్వాత అది నోకార్డియా జాతిదని తేల్చారు. ఆ తర్వాత రోడోకాకస్, బాసిల్లస్, సూడోమొనాస్ కుటుంబాల్లో కూడా ఈ పని చేసేవి దొరికాయి. పాత బొగ్గు గ్యాస్ ఫ్యాక్టరీ ఉన్న చోటి మట్టిలో దొరికిన ఒక మైకోబ్యాక్టీరియం అయితే ల్యాబులో మూడు రోజుల్లో దాదాపు విషమంతా విరగ్గొట్టేసింది. తారు లాంటి మొండి పదార్థాలను తిని బతకడం నేర్చుకున్నదానికి ఇది పెద్ద పని కాలేదన్నమాట.

ల్యాబులో వీటిని పట్టే పద్ధతి నాకు బాగా నచ్చింది. అఫ్లాటాక్సిన్ అణువులో ఒక భాగం కొమరిన్ అనే పదార్థాన్ని పోలి ఉంటుంది. అందుకని మట్టి నమూనాకు కొమరిన్ తప్ప వేరే తిండి పెట్టరు. దాన్ని తినగలిగినవి బతుకుతాయి, మిగతావి పస్తుండి పోతాయి, బతికిన వాటిని అఫ్లాటాక్సిన్ మీద పరీక్షిస్తారు. డిగ్రీ చదివే పిల్లలకు చెబుతున్నా, ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదు. ఇట్లా బతికిన వాటిలో మనుషులకు జబ్బు చేసేవి కూడా ఉంటాయి. పైగా విషం విరిగినంత మాత్రాన విరిగిన ముక్కలు మంచివని అనుకోవడానికి లేదు, అది కూడా పరీక్ష చేసి తేల్చాల్సిందే.

జొన్న, మక్క మీద వచ్చే ఫ్యుమోనిసిన్ అనే ఇంకో బూజు విషానికి మందు మట్టి నుంచే వచ్చింది. 1995లో దక్కన్ పీఠభూమి పల్లెల్లో కోతల వేళ వాన పడి బూజు పట్టిన జొన్న, మక్క తిని జనానికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి, ఆ గింజల్లో ఉన్నది ఈ విషమే. కంపోస్టు మట్టిలో దొరికిన స్ఫింగోపిక్సిస్ అనే బ్యాక్టీరియాలో ఆ విషాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. దాన్ని తయారు చేసి యూరప్‌లో పందుల, కోళ్ల దాణాలో కలపడానికి అనుమతి ఇచ్చారు. అది ఫ్యాక్టరీలో కొలత ప్రకారం చేసే పని. మనకు దుకాణంలో దొరికే సూడోమొనాస్ పొడి, బాసిల్లస్ పొడి అట్లాంటివి కావు. అవి బూజుతో జాగా కోసం కొట్లాడతాయి, మట్టిలో ఇనుమును బూజుకు దక్కకుండా లాక్కుంటాయి, బూజు పొరను చీల్చే పదార్థాలు వదులుతాయి. అంటే బూజును పెరగనీయకుండా విషం తయారీని తగ్గిస్తాయి. బూజు పట్టిన గింజల మీద చల్లితే తినడానికి బాగవుతాయని ఎవరైనా ప్యాకెట్ అమ్మితే కొనకండి. జీవామృతంలో ముంచి ఆరబెడదామని మా వైపు ఒకరిద్దరు అన్నారు. వద్దు. తడి తగిలిన గింజకు బూజు ఇంకా ఎక్కువ పడుతుంది.

మొదటి పని: విత్తడానికి పదిహేను రోజుల ముందు పెంట మగ్గబెట్టండి

ప్యాకెట్ కొనేటప్పుడు మూడు చూడండి: తయారైన తేదీ, గడువు తేదీ, గ్రాముకు ఎన్ని జీవకణాలో రాసిన అంకె. సూడోమొనాస్ ఫ్లోరోసెన్స్ ఎండకు తట్టుకోలేదు, దానికి బాసిల్లస్ లాగా గట్టి గింజ రూపంలో నిద్రపోయే శక్తి లేదు. కాబట్టి ఎండ తగిలే అద్దాల అల్మారాలో పెట్టి అమ్మే దుకాణంలో కొనొద్దు. వీలైతే పాలెం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానాల్లో గానీ, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఎక్కడ దొరుకుతుందో అడిగి తెచ్చుకోండి. ఇంటికి తెచ్చాక యూరియా సంచుల పక్కన కాకుండా కుండల దగ్గర చల్లగా పెట్టండి.

ఎకరానికి 100 కిలోల బాగా చివికిన పెంట కావాలి. పచ్చి పెంట పనికిరాదు, అందులోని వేడి, పురుగు రెండూ నష్టమే. చెట్టు నీడలో, మేమైతే వేపచెట్టు కింద, పెంటను జానెడు ఎత్తున పరిచి, 2 కిలోల సూడోమొనాస్ పొడి చల్లి, కిలో బెల్లం కరిగించిన నీళ్లు చిలకరించి, పారతో రెండుసార్లు తిరగేసి కుప్ప చేయండి. పైన తడిపిన గోనె సంచులు కప్పండి. పొద్దున, సాయంత్రం సంచులు తడవాలి, కుప్ప కారకూడదు. గుప్పెడు తీసి పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఎక్కువైనట్టు. మూడు రోజులకోసారి తిరగేస్తే వారం పది రోజుల్లో తయారవుతుంది. తయారైన పెంట తొలకరి వాన మట్టి వాసన వేస్తుంది. పుల్లటి కంపు కొడితే గాలి ఆడలేదని, తిరగేసి ఒక రోజు సంచులు తీసేయండి.

ట్రైకోడెర్మా విరిడి బ్యాక్టీరియా కాదు, అది మంచి బూజు. దాన్ని కూడా వేస్తాం గానీ వేరే కుప్పలో: 2 కిలోల ట్రైకోడెర్మా, 90 కిలోల పెంట, 10 కిలోల వేపపిండి. ఆ కుప్ప మీద మొదట తెల్లగా, తర్వాత ముదురు ఆకుపచ్చగా చాప లాగా పరుచుకుంటుంది, భయపడొద్దు. అది రావాల్సిందే.

ఆఖరి దుక్కిలో, నేలలో తడి ఉన్నప్పుడు, పొద్దు వాలాక చల్లండి. మిట్టమధ్యాహ్నం చల్లితే పది రోజుల కష్టం గంటలో మాడిపోతుంది. డీఏపీతో కలిపి చల్లొద్దు.

విత్తనానికి కిలోకు 10 గ్రాముల సూడోమొనాస్ పొడి, చల్లారిన గంజితో పట్టించి నీడలో ఆరబెట్టి, ఆ రోజే వేసేయండి. వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టే రైజోబియం బ్యాక్టీరియా కూడా పట్టిస్తుంటే దాన్ని చివర. విత్తన శుద్ధికి రసాయన మందు వాడే అలవాటుంటే అది ముందు రోజు పట్టించి, బ్యాక్టీరియా మరునాడు. రెండూ ఒకే బకెట్లో కలిపితే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

రెండో పని: ఊడలు దిగే వేళ

చాలామంది విత్తేటప్పుడు చల్లి మర్చిపోతారు. పల్లికి అసలు అవసరం తర్వాత వస్తుంది. పువ్వు పైన పూసినా ఊడ దిగి కాయ మట్టిలోనే ఊరుతుంది, ఆ కాయ చుట్టూ ఉన్న వేలెడు మందం మట్టిలోనే బూజుకూ బ్యాక్టీరియాకూ పోటీ. అందుకే 35 నుంచి 45 రోజుల మధ్య, ఊడలు ఇంకా నేలలోకి పూర్తిగా దిగకముందు, మళ్లీ ఒక 100 కిలోల మగ్గబెట్టిన పెంట సాళ్ల పక్కన మొదళ్ల దగ్గర వేయండి. ఆ రోజుల్లోనే ఎకరానికి 200 కిలోల జిప్సం కూడా వేస్తాం కదా. జిప్సంలోని కాల్షియంతో కాయ పొట్టు గట్టిపడుతుంది. పొట్టు గట్టిగా, పగుళ్లు లేకుండా ఉంటే బూజుకు దారి దొరకదు. ఇదయ్యాక దంతె తోలొద్దు, పార పెట్టొద్దు, ఊడలు తెగినా కాయకు గాటు పడినా అక్కడే బూజు మొదలు. చెద పురుగు ఉన్న చెల్కల్లో కూడా ఇదే బాధ, అది కాయకు పెట్టే సన్న రంధ్రం బూజుకు తలుపు.

మూడో పని: ఆఖరి నెల నీళ్లు

మా పంట పాడైంది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతా. పల్లి గింజలో నీరున్నంత కాలం, బూజు తగిలితే మొక్క తన మందు తానే తయారు చేసుకుంటుంది. నేల ఎండి గింజలో నీరు తగ్గితే ఆ తయారీ ఆగిపోతుంది. అదే సమయంలో ఎండిన నేల 28 నుంచి 31 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఈ బూజుకు కావలసింది సరిగ్గా ఆ వేడే. అటు మొక్క చేతులెత్తేస్తుంది, ఇటు శత్రువు బలపడతాడు, మనం చల్లిన బ్యాక్టీరియా తడి లేక నీరసిస్తుంది. ఎంత మంచి ప్యాకెట్ తెచ్చినా ఆఖరి మూడు నాలుగు వారాలు నేల పగిలిపోయేలా ఎండితే లాభం లేదు.

కాబట్టి లెక్క విత్తేటప్పుడే వేసుకోవాలి. జనవరి, ఫిబ్రవరిలో మీ బోరు ఎంత పోస్తుందో మీకు తెలుసు. రెండెకరాలకు సరిపోయే నీళ్లతో మూడెకరాలు వేయకండి. స్ప్రింక్లర్లు ఉంటే చివరి తడులు తక్కువ తక్కువగా, దగ్గర దగ్గరగా ఇవ్వండి. నీళ్లు ఎట్లాగూ చాలవని తేలిపోతే, పొలంలో బాగా వాడిన ముక్కను గుర్తుపెట్టుకుని దాన్ని వేరేగా పీకి వేరేగా ఆరబెట్టండి, మంచి కాయలో కలపొద్దు.

నాలుగో పని: పీకడం, ఆరబెట్టడం

అక్కడక్కడా నాలుగు మొక్కలు పీకి కాయలు చిట్లించండి. పొట్టు లోపలి వైపు తెల్లగా ఉంటే ముదరలేదు, గోధుమ, నలుపు రంగు తిరిగితే ముదిరినట్టు. వందలో 75, 80 కాయలు అట్లా ఉంటే పీకండి, ఇంకో వారం చూద్దామని ఆగకండి.

పీకే ముందు ఒక మనిషిని పంపి, చచ్చిన మొక్కలు ముందే ఏరించండి. అవి వేరే సంచి. తర్వాత పీకిన మొక్కలను కాయలు పైకి, ఆకులు కిందికి వచ్చేట్టు తిరగేసి సాలు వెంట పరచండి. రెండు మూడు రోజులు అట్లా గాలికి ఎండాలి. కుప్ప వేయొద్దు. కుప్ప లోపల చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఆవిరి తగులుతుంది, ఆ ఆవిరిలోనే బూజు ఒక్క రాత్రిలో అల్లుకుంటుంది. కాయ కోశాక వట్టి నేల మీద కాకుండా పరదాల మీద రెండు వేళ్ల మందాన పోసి, రోజుకు నాలుగైదుసార్లు కాళ్లతో కాకుండా చెక్క పారతో కలియబెట్టండి. రాత్రి మంచుకు కప్పండి గానీ పొద్దెక్కగానే పరదా తీసేయాలి, చెమట పట్టిన పరదా వానతో సమానం.

గింజలో తేమ 8 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే కాయ చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, గింజ కొరికితే టక్కున విరగాలి, రెండు వేళ్ల మధ్య రుద్దితే ఎర్రపొర ఊడాలి. మూడూ కుదిరాకే సంచి కుట్టండి. సంచులు గోడకు ఆనించకుండా, కింద చెక్కలు వేసి పెట్టండి.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. మిల్లులో గింజ విరగకుండా ఉండాలని కాయ మీద నీళ్లు చల్లి ఒలుస్తారు, ఇన్ని రోజులు ఎండబెట్టింది ఒక్క బకెట్ నీళ్లతో పోతుంది. దగ్గరుండి పొడిగానే ఆడించుకోండి, నాలుగు గింజలు విరిగినా పర్వాలేదు. రెండోది పరిగె. పీకాక నేలలో మిగిలిపోయిన కాయలను కూలీలు, పిల్లలు తవ్వి ఏరుకుంటారు. ఆ కాయల్లోనే బూజు ఎక్కువ, పాపం వాళ్లు వాటినే ఇంటికి తీసుకెళ్లి ఉడకబెట్టుకుని తింటారు. అఫ్లాటాక్సిన్ విడిపోవాలంటే 240 డిగ్రీలు దాటిన వేడి కావాలి, ఉడికే నీళ్లు 100 దగ్గరే ఆగిపోతాయి. ఈ మాట వాళ్లకు చెప్పండి, పరిగెకు బదులు రెండు శేర్లు మంచి కాయ చేతిలో పెట్టి పంపండి.

ఐదో పని: ఏరడం, టెస్టు

ముడతలు పడినవి, రంగు మారినవి, పొర కింద బూడిద రంగు కనిపించేవి, పురుగు కొట్టినవి అన్నీ తీసేయాలి. ఎంత కచ్చితంగా తీయాలో ఒక లెక్క చెబుతా. మన దేశంలో మిల్లుకు, తయారీకి వెళ్లే పల్లిలో అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు) మించకూడదు, నేరుగా తినేదాంట్లో 10. యూరప్‌కు పంపాలంటే నేరుగా తినే పల్లిలో 4 మాత్రమే. 15 అంటే క్వింటాలుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. బాగా చెడిన ఒక్క గింజలోనే అర మిల్లీగ్రాము దాకా విషం దొరికిన సందర్భాలున్నాయి. అంటే అట్లాంటి గింజలు మూడు ఉంటే చాలు, క్వింటాలు మొత్తం హద్దుకు వచ్చేస్తుంది. ఏరే ఆడవాళ్లకు ఈ లెక్క చెప్పి, వెలుతురు ఉన్న చోట కూర్చోబెట్టి, కూలి కిలోల లెక్కన కాకుండా రోజు లెక్కన ఇవ్వండి. తొందర పెడితే చెయ్యి తప్పుతుంది.

టెస్టుకు పంపేటప్పుడు ఒక సంచి పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఫలితానికి అర్థం ఉండదు, విషం గింజ గింజకూ మారుతుంది. ప్రతి సంచి పైన, నడుమ, అడుగున తలా ఇంత తీసి, నాలుగైదు కిలోలు కలిపి, మొత్తం పొడి చేయించి, అందులోంచి నమూనా ఇవ్వండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ విషాన్ని పట్టడానికి ఎలైసా అనే చవకైన టెస్టు తయారు చేశారు, ఆ తరహా పరీక్ష చేసే ల్యాబు ఎక్కడుందో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

ఏరి తీసినవి గానుగకు వేయొద్దు. నూనె పట్టినప్పుడు విషం ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది గానీ, రిఫైన్ చేయని గానుగ నూనెలోకి కొంత దిగుతుంది. ఆ చెక్క బర్రె తింటే ఒక రోజు తిరిగేలోపు పాలలోకి ఇంకో రూపంలో, ఎం1 అనే పేరుతో వచ్చేస్తుంది. పాలకు హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. 2019లో వెలువడిన దేశవ్యాప్త పాల సర్వేలో 6,432 నమూనాలకు 368 ఆ హద్దు దాటాయి. ఇప్పటికే అట్లాంటి చెక్క పెడుతుంటే ఈ రోజే ఆపేయండి. ఆపిన మూడు నాలుగు రోజుల్లో పాలలో తగ్గిపోతుంది. మా బర్రె పాలను వారం రోజులు పారబోశాం, మా అమ్మ ప్రతి పూటా ఆ గిన్నె వంచుతూ కళ్లనీళ్లు పెట్టుకునేది. కోళ్లకైతే ఇది ఇంకా ప్రమాదం, బాతులకు మరీ.

ఆరో పని: చెడిన గింజను కుప్పలో బ్యాక్టీరియాకు పెట్టడం

ఇక్కడ మట్టి బ్యాక్టీరియా నిజంగా విషాన్ని తినే పని చేస్తుంది. వెచ్చగా, తడిగా, ప్రాణం ఉన్న మట్టిలో అఫ్లాటాక్సిన్ ఎక్కువ కాలం నిలవదు, 28 డిగ్రీల దగ్గర కొన్ని రోజుల్లోనే సగానికి తగ్గుతుందని మట్టి పరీక్షల్లో చూశారు. చిక్కల్లా విషంతో పాటు బూజు విత్తులు కూడా ఉండటం. చెడిన గింజను పొలం గట్టున పారబోస్తే విషం విరుగుతుంది గానీ బూజు అక్కడే కోటి రెట్లు పెరిగి మళ్లీ మీ చెల్కలోకే వస్తుంది. ఈ బూజు 48 డిగ్రీల దాకా పెరగగలదు. అందుకని బూజు చావడానికి వేడి, విషం విరగడానికి బ్యాక్టీరియా రెండూ ఒకే కుప్పలో కావాలి.

కుప్పను బావికి, పశువుల కొట్టానికి, పల్లి వేసే చెల్కకు దూరంగా పెట్టండి. గింజలను ముట్టుకునే ముందు నీళ్లు చల్లి తడపండి, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి పీల్చడం మంచిది కాదు. తడిపిన గింజలను రోకలితో గానీ రాయితో గానీ పగలగొట్టండి, గట్టిగా ఉన్న గింజ లోపలికి బ్యాక్టీరియా తొందరగా పోలేదు. ఇప్పుడు కింద జానెడు మందం పత్తి కట్టె ముక్కలు వేయండి, గాలి ఆడడానికి. దాని మీద జొన్న చొప్ప, ఎండుటాకులు మూడు నాలుగు గంపలకు చెడిన గింజ ఒక గంప చొప్పున పరచి, పచ్చి పేడ నీళ్లు పోసి, పాత పెంటకుప్ప అడుగున ఉండే నల్లమట్టి రెండు దోసిళ్లు చల్లండి. ఆ నల్లమట్టే మీ బ్యాక్టీరియా విత్తనం, కొనాల్సింది ఏమీ లేదు. ఇట్లా వరుసగా పేర్చి కనీసం మనిషి నడుము ఎత్తు, నాలుగడుగుల వెడల్పు వచ్చేట్టు చూడండి. చిన్న కుప్ప వేడెక్కదు. చెడిన గింజలు తక్కువుంటే పేడ, చొప్ప పెంచండి, గింజలు పెంచొద్దు, పల్లిలో నత్రజని ఎక్కువ కాబట్టి కుళ్లి కంపు కొడుతుంది.

పైన మట్టితో మెత్తి, చుట్టూ ముళ్లకంప వేయండి. మేకలు, కోళ్లు, కుక్కలు వాసన పట్టి వస్తాయి. మా ఇంటి కోడిపెట్ట ఒకటి కంప సందులోంచి దూరి గింజలు ఏరుకుంటుంటే చూసి తరిమి, ఆ సాయంత్రమే కంప రెండింతలు చేశా.

నాలుగో రోజు ఒక ఇనుప చువ్వ కుప్ప నడిమి దాకా దింపి పది నిమిషాలు ఆగి లాగండి. కొసను పట్టుకోలేనంత వేడిగా ఉంటే 60 డిగ్రీల దగ్గర ఉన్నట్టు, కుప్ప బాగా నడుస్తోంది. గోరువెచ్చగా ఉంటే పేడ నీళ్లు తక్కువైనట్టో, చొప్ప ఎండిపోయినట్టో, పోసి తిరగేయండి. వేడి తగ్గినప్పుడల్లా, అంటే వారానికోసారి, కనీసం నాలుగుసార్లు తిరగేయాలి. తిరగేసేటప్పుడు బయటి అంచు లోపలికి, లోపలిది బయటికి రావాలి, చల్లగా ఉండే అంచుల్లోనే బూజు దాక్కుంటుంది. ఆ తర్వాత కదిలించకుండా, తడి మాత్రం ఆరనీయకుండా రెండు నెలలు వదిలేయండి. పెద్ద వేడి పోయాక మట్టి బ్యాక్టీరియా తిరిగి చేరి మిగిలింది విరగ్గొట్టేది ఈ రోజుల్లోనే. ఫిబ్రవరిలో పేరిస్తే మృగశిర నాటికి గింజ ఆనవాలు లేకుండా నల్లగా, పొడిపొడిగా అవుతుంది.

ఆ ఎరువును పల్లికీ మక్కకూ వేయకండి. మా ఇంట్లో అయితే రెండేళ్లుగా వరి మడికి, పత్తికే పోతోంది. పత్తికి వేసేటప్పుడు పైన చల్లి వదిలేయకుండా దుక్కిలో కలియదున్నుతాం. పారలు, గంపలు కడిగి ఎండలో పడేసి, ఆ గంపను మళ్లీ పల్లి కల్లంలోకి తేవద్దని దాని అంచుకు ఎర్రగుడ్డ కట్టి పెట్టాం.